జులైలో లోతుకా, గడ్డిలోకా? వాలై చేప వేటలో సీజన్ సలహాలు ఎందుకు కలవవు

మే నెల రెండో శనివారం అటూ ఇటూగా అమెరికాలోని మిన్నెసోటాలో వాలై సీజన్ మొదలవుతుంది. ఆ రోజు రాష్ట్ర గవర్నర్ కూడా గాలం పట్టుకుని పడవెక్కడం 1948 నుంచీ ఆనవాయితీ. చాలా ఏళ్లు అది మదర్స్ డే వారాంతంలోనే పడుతుంది కాబట్టి ఇళ్లల్లో జరిగే గొడవలు వేరే సంగతి. మిన్నియాపోలిస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో కూడా లైసెన్సు తీసుకుని, ఓ గాలం కొనుక్కుని బయల్దేరేవాళ్లు ఉన్నారు. బయల్దేరేముందు అందరూ చేసేది ఒకటే, ఏ కాలంలో ఎలా పట్టాలో వెతకడం. తల తిరిగేది అక్కడే. జులైలో ముప్పై అడుగుల లోతుకి వెళ్లమని ఒకరంటారు, కాదు ఎనిమిది అడుగుల నీళ్లలో గడ్డి అంచున చూడమని ఇంకొకరంటారు, అసలు పగలు వెళ్లడమే దండగ, రాత్రి వెళ్లమని మూడో ఆయన. ముగ్గురూ ఎన్నో ఏళ్లుగా ఇదే పనిమీద ఉన్నవాళ్లే.

ముగ్గురిదీ నిజమే కావచ్చు. ఎవరికి తెలిసిన సరస్సు గురించి వాళ్లు చెబుతున్నారు, సరస్సు పేరు మాత్రం చెప్పడం మర్చిపోతున్నారు. వాలై ఎక్కడుంటుందో నిర్ణయించేవి నీటి వేడి, వెలుతురు, తిండి. సీజన్ అనేది ఈ మూడూ సుమారుగా ఎలా ఉంటాయో చెప్పే పొట్టి పేరు, అంతే. ఆ మూడూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఒకదానికొకటి పొసగని సలహాలు కూడా చాలావరకు అర్థమవుతాయి.

అసలు వాలై అంటే ఏ చేప

పసుపు, ఆకుపచ్చ కలిసిన బంగారు ఛాయ, వీపు మీద ముళ్ల రెక్క, తోక కింది కొసన తెల్లటి మచ్చ. కొందరు దీన్ని పైక్ అంటారు గానీ ఇది పైక్ కాదు, పెర్చ్ కుటుంబానికి చెందినది. తినే తిండిలో కూడా ఎక్కువ భాగం దాని చుట్టమైన పసుపు పెర్చ్ పిల్లలే. మిన్నెసోటా 1965లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మాంసం తెల్లగా గట్టిగా ఉంటుంది, నీచు వాసన తక్కువ, ముళ్లు తీసి ముక్కలు చేయడం తేలిక. కొర్రమీను అలవాటైన నోటికి ఇది నచ్చడానికి ఎక్కువ టైమ్ పట్టదు.

కొర్రమీనుతో పోలిక అక్కడితో ఆగిపోతుంది. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆక్సిజన్ లేని బురదగుంటలో కూడా బతికేస్తుంది. వాలైకి ఆ వీలు లేదు, నీళ్లలో కరిగిన ఆక్సిజనే దానికి దిక్కు. నడివేసవిలో ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో వస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. మన ఊరి చెరువులో బెండు కట్టి గాలం వేసినవాళ్లకి కాలం అంటే వానలు, కొత్త నీరు, చెరువు నిండడం, ఎండడం. మిన్నెసోటాలో చాలా సరస్సుల్లో నీటి మట్టం పెద్దగా మారదు, నీటి వేడి మాత్రం గడ్డకట్టే దశ నుంచి 75, 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్లి వస్తుంది. ఇక్కడ చేప వేట లెక్కలన్నీ ఫారెన్‌హీట్‌లో, అడుగుల్లో నడుస్తాయి కాబట్టి ఈ వ్యాసంలోనూ అవే వాడుతున్నాను. 39 డిగ్రీలంటే మన 4 సెల్సియస్, 68 అంటే 20 సెల్సియస్.

వెలుతురంటే ఎందుకు పడదు

రాత్రి టార్చి వేస్తే వాలై కళ్లు పిల్లి కళ్లలాగే మెరుస్తాయి. రెటీనా వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, దానివల్ల మసక వెలుతురులో కూడా బాగా చూడగలదు. పెర్చ్‌కి ఆ సౌకర్యం లేదు. అంటే సూర్యుడు దిగిపోయే ఆ గంట, గంటన్నరలో వేటాడేదానికి కనిపిస్తుంది, తప్పించుకోవాల్సినదానికి సరిగా కనిపించదు. వాలై వేటలో పొద్దుపొడుపు, సందె వేళల గురించి ఇంత చెప్పుకోవడానికి కారణం అదే.

దీన్నుంచే ఇంకో సంగతి బయటికొస్తుంది. నీళ్లు ఎంత తేటగా ఉంటే పగటి వెలుతురు అంత లోతుకి దిగుతుంది. గాజులాంటి నీళ్లున్న సరస్సులో వాలై పగలంతా లోతులోనో గడ్డి నీడలోనో ఉండి చీకటి పడ్డాక ఒడ్డుకి వస్తుంది. టీ డికాక్షన్ రంగు నీళ్లున్న రెడ్ లేక్‌లో, లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో పట్టపగలే చక్కగా తింటుంది. రాత్రే వెళ్లమన్న మూడో ఆయన ఏదో తేట సరస్సు మనిషై ఉంటాడు.

గాలి కూడా వెలుతురు లెక్కలోకే వస్తుంది. ఒక మోస్తరు అలలుంటే వెలుతురు చెదిరిపోతుంది, అదీకాక గాలి కొట్టే ఒడ్డువైపు నీళ్లు కలకబారతాయి. అలాంటి అలలకి ఇక్కడివాళ్లు వాలై చాప్ అని పేరే పెట్టుకున్నారు. ఎండ కాస్తూ నీళ్లు అద్దంలా ఉన్న రోజున పిక్నిక్‌కి బావుంటుంది, వాలైకి కాదు.

సరస్సులో నీళ్లు తిరగబడడం

నీళ్లు అన్నిటికన్నా బరువుగా ఉండేది 39 డిగ్రీల దగ్గర. అంతకన్నా వేడెక్కినా, అంతకన్నా చల్లబడినా తేలికవుతాయి. ఈ ఒక్క గుణం వల్ల చల్లటి దేశాల్లో లోతైన సరస్సు ఏడాదిలో రెండుసార్లు కలగాపులగం అవుతుంది. వసంతంలో మంచు కరిగాక పైనా కిందా నీళ్లు ఒకే వేడికి వచ్చి గాలికి మొత్తం కలిసిపోతాయి. ఎండలు ముదిరేకొద్దీ పై నీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, అడుగున చల్లటి నీళ్లు విడిగా మిగిలిపోతాయి. ఈ రెంటి మధ్య కొద్ది అడుగుల్లోనే వేడి గబగబా పడిపోయే పొర ఉంటుంది, దాన్నే థర్మోక్లైన్ అంటారు. శరదృతువులో పై నీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, మళ్లీ అంతా కలుస్తుంది. చలికాలంలో లెక్క తలకిందులు, మంచు కింద పైన 32 డిగ్రీలు, అడుగున 39 దగ్గర.

థర్మోక్లైన్ కింద చిక్కుకున్న నీళ్లకి వేసవంతా గాలి తగలదు. అడుగున కుళ్లే చెత్త ఉన్న ఆక్సిజన్‌ని తినేస్తుంది. చాలా సరస్సుల్లో ఆగస్టుకల్లా ఆ కింది నీళ్లు చల్లగానే ఉంటాయి గానీ వాలై బతకదగినవి కావు. అందుకే వేసవిలో లోతుకి వెళ్లమన్న సలహాకి ఒక హద్దు ఉంది, ఆ హద్దు సరస్సుని బట్టి మారుతుంది.

మంచు కరిగిన తర్వాత

నీళ్లు 42 నుంచి 50 డిగ్రీల మధ్యకి రాగానే వాలైలు గుడ్లు పెడతాయి. ఒకటి నుంచి ఆరు అడుగుల లోతులో, అలలు తగిలే రాళ్లూ గులకరాళ్లూ ఉన్న ఒడ్డున గానీ సరస్సులోకి వచ్చే వాగుల్లో గానీ. గూడు కట్టవు, కాపలా ఉండవు. గుడ్లు రాళ్ల సందుల్లో పడిపోతాయి, రెండు మూడు వారాల్లో పిల్లలవుతాయి. సీజన్ మే దాకా తెరవకపోవడం వెనక ఉద్దేశం ఈ చేపల్ని ఆ సమయంలో వదిలేయడమే.

అయితే సీజన్ తేదీ క్యాలెండర్‌ది, గుడ్లు పెట్టే తేదీ నీళ్లది. మిన్నెసోటా నడిమధ్యనున్న మిల్ లాక్స్ సరస్సునే చూడండి. 2012లో మార్చిలోనే మంచు పోయింది. 2013లో సీజన్ మొదలైన రోజుకి కూడా సరస్సు మీద మంచు ఉంది. రెండేళ్లలోనూ ఒకే మే నెల, ఒకే సరస్సు, ఒకే శనివారం. 2012లో ఆపాటికి చేపలు గుడ్లు పెట్టేసి, కోలుకుని, లోపలివైపు వెళుతున్నాయి. 2013లో ఇంకా చాలావరకు గుడ్లే పెట్టలేదు. మే రెండో వారంలో ఆరడుగుల్లో వెతకమన్న సలహా పనికొస్తుందా అంటే ఏ ఏడాది మే అని అడగాల్సి వస్తుంది.

మామూలు ఏడాదిలో సీజన్ మొదట్లో అందరూ వాడేది జిగ్, దానికి గుచ్చిన మిన్నో. జిగ్ అంటే కొక్కేనికే సీసం గుండు పోతపోసిన గాలం, ఔన్సులో ఎనిమిదో వంతు బరువైతే లోతు తక్కువ నీళ్లకి సరిపోతుంది. మిన్నో అంటే వేలెడంత చేపపిల్ల, షైనర్ రకం అయితే ఇంకా మంచిదంటారు. నీళ్లు చల్లగా ఉన్నంతకాలం చేప ఒళ్లు కూడా మందంగానే ఉంటుంది, ఎర వెంటబడి తరమదు. అందుకే జిగ్‌ని అడుగుకి తగిలించి, కాస్త లేపి, మళ్లీ దించుతూ మెల్లగా లాగుతారు. మగచేపలు గుడ్లు పెట్టే చోటు దగ్గరే చాలా రోజులు తిరుగుతుంటాయి, పెద్ద ఆడవి పని అయిపోగానే వెళ్లిపోతాయి. మేలో ఒడ్డున దొరికేవి ఎక్కువగా చిన్న మగచేపలు కావడానికి కారణం ఇదే.

జూన్, జలగల నెల

నీళ్లు 60 దాటితే ఎర మారుతుంది. మిన్నోల స్థానంలో జలగలు, నైట్‌క్రాలర్ అనే లావుపాటి వానపాములు వస్తాయి. జలగంటే మనకి ఒళ్లు జలదరిస్తుంది గానీ ఇక్కడ బెయిట్ షాపుల్లో డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతారు. చల్లటి నీళ్లలో జలగ ముడుచుకుపోతుంది, వెచ్చబడితే సాగి రిబ్బన్‌లా ఈదుతుంది. మేలో జలగ ఎందుకు పనిచేయలేదని తికమకపడేవాళ్లకి జవాబు చాలావరకు ఇదే.

వేసే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి జారే సీసం ఉన్న రిగ్, అంటే గాలం, సీసం కలిపిన అమరిక. మిన్నెసోటాలోని బ్రెయినర్డ్‌లో లిండ్నర్ సోదరులు 1960ల చివర్లో దీన్ని జనంలోకి తెచ్చారు, అందుకే లిండీ రిగ్ అంటారు. సీసం దారానికి బిగించి ఉండదు, దారం దాని గుండా జారుతుంది. చేప ఎరని నోట్లో పెట్టుకుని కదిలినప్పుడు దానికి బరువు తెలియదు, అనుమానపడి ఉమ్మేయదు. రెండోది జారే బెండు. దారం మీద కావాల్సిన లోతులో చిన్న ముడి వేస్తే బెండు అక్కడికొచ్చి ఆగుతుంది, ఇరవై అడుగుల లోతులోనైనా జలగని రాళ్లకి అడుగు పైన వేలాడదీయవచ్చు. మన బెండు గాలమే, కాకపోతే లోతు మార్చుకోవచ్చు. రాళ్ల తిప్పల మీద గాలం ఊరికే చిక్కుకుపోతుంది కాబట్టి అక్కడ బెండుదే పైచేయి.

ఇదే నెలలో ఒక వింత ఉంటుంది. మిల్ లాక్స్ లాంటి సరస్సుల అడుగు బురదలో మేఫ్లై పురుగుల పిల్లలు కోట్ల లెక్కన ఉంటాయి. రెక్కలొచ్చి అన్నీ ఒకేసారి పైకి తేలే రోజుల్లో వాలైలు వాటినే మింగుతూ తిరుగుతాయి. పడవ కింద చేపలు కుప్పలుగా కనిపిస్తాయి, గాలానికి ఒక్కటీ పడదు. కొందరు ఆ వారం బురద మెట్టలు వదిలేసి రాళ్లవైపు వెళతారు, కొందరు ఎరని చాలా చిన్నది చేస్తారు, కొందరు ఇంట్లో కూర్చుంటారు. మూడో పద్ధతిలో ఖర్చు తక్కువ.

నడివేసవి: ఒకే రోజు, రెండు సరస్సులు

వాలైకి హాయిగా ఉండే వేడి సుమారు 68 నుంచి 73 డిగ్రీలు. వెలుతురు మసకగా ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, దగ్గర్లో తిండి ఉండాలి. జులై 20 అనుకుందాం, ఎండ బాగా కాస్తోంది. రెండు సరస్సుల్లో ఈ లెక్క ఎలా తేలుతుందో చూద్దాం.

మొదటిది మిల్ లాక్స్. సుమారు 535 చదరపు కిలోమీటర్ల సరస్సు, అంత విశాలమైనా అత్యధిక లోతు 42 అడుగులే. పళ్లెంలా పరుచుకుని ఉండటంతో గాలి వీస్తే దాదాపు అడుగుదాకా కలిసిపోతుంది, స్థిరమైన థర్మోక్లైన్ నిలవదు. కాబట్టి అడుగున కూడా ఆక్సిజన్ ఉంటుంది. ఇక్కడ వాలైలు ఒడ్డుకి దూరంగా 25, 30 అడుగుల దగ్గర బురద మెట్టల అంచుల్లో, గులకరాళ్ల తిప్పల్లో ఉండటం మామూలు. లోతుకి వెళ్లమన్న మొదటి ఆయన ఇక్కడ కరెక్ట్.

రెండోది పేరు లేని ఒక చిన్న సరస్సు అనుకోండి. లోతు 70 అడుగులు, చుట్టూ కొండలూ చెట్లూ, గాలి తగలదు. 22 అడుగుల దగ్గర థర్మోక్లైన్, దాని కింద ఆక్సిజన్ బాగా తక్కువ. పన్నెండు అడుగుల దాకా దట్టంగా కాబేజ్ అని పిలిచే నీటి గడ్డి, దాంట్లో బోలెడు పెర్చ్ పిల్లలు. ఇక్కడ ముప్పై అడుగుల్లో జలగ వేలాడదీస్తే అక్కడ దాన్ని తినేవాళ్లెవరూ లేరు. పగలు గడ్డి నీడలో, సాయంత్రం గడ్డి బయటి అంచున వెతకాల్సిందే. రెండో ఆయన ఇక్కడ కరెక్ట్. చేప ఒకటే, తేదీ ఒకటే, నీళ్ల అమరిక వేరు.

వేసవిలో ఇంకో మార్పు వేగం. వెచ్చటి నీళ్లలో చేప చురుగ్గా ఉంటుంది, ఆకలీ ఎక్కువే. అందుకే ఈ కాలంలో ట్రోలింగ్, అంటే నడుస్తున్న పడవ వెనక ఎర లాగడం జోరుగా సాగుతుంది. తిరిగే రేకు ఉన్న స్పిన్నర్‌కి వానపాము గుచ్చితే గంటకి ఒకటి, ఒకటిన్నర మైళ్ల వేగం. చేప ఆకారంలో ఉండి లాగితే మునిగే క్రాంక్‌బెయిట్ అయితే రెండు మైళ్లు, ఆపైన. అదే మే నెలలో జిగ్‌ని ఈ వేగంతో లాగితే వెనక్కి తిరిగి చూసే చేప కూడా ఉండదు.

క్రాంక్‌బెయిట్ మామూలుగా దిగని లోతుకి పంపడానికి లెడ్‌కోర్ వాడతారు, అంటే లోపల సీసపు తీగ ఉన్న దారం. ఇది పది గజాలకోసారి రంగు మారుతుంది, కాబట్టి ఎంత వదిలామో రంగుల్లో లెక్కపెడతారు. రెండు మైళ్ల వేగంలో ఒక్కో రంగు సుమారు ఐదు అడుగులు దించుతుందని వాడుక లెక్క. చేపలు 28 అడుగుల దగ్గర ఉన్నాయి, ఎర వాటికి కాస్త పైన, 25 అడుగుల్లో నడవాలి అనుకుందాం. ఎర తనంతట తాను ఐదు అడుగులు మునిగే రకమైతే మిగతా ఇరవై అడుగులకి నాలుగు రంగులు, అంటే నలభై గజాలు వదలాలి. వేగం పెంచితే దారం పైకి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు గాలం నెమ్మదించి కిందికి దిగుతుంది, బయటివైపుది వేగం పుంజుకుని లేస్తుంది. మలుపులో ఏ గాలానికి చేప పడిందో గమనించేవాళ్లకి ఆ రోజు లోతు సరిచేసుకోవాలో వేగం మార్చాలో తెలిసిపోతుంది. ఎరని చేపకి పైనే నడపడానికి కారణం, వాలై పైకి చూస్తూ తింటుంది, కిందికి దిగి తినడం తక్కువ.

ఆకులు రాలే కాలం

సెప్టెంబర్‌లో గడ్డి చచ్చిపోవడం మొదలవుతుంది, దాంట్లో దాక్కున్న పెర్చ్ పిల్లలకి ఆసరా పోతుంది. నీళ్లు కలిసిపోయే ఆ వారం పది రోజులు చేప ఎక్కడైనా ఉండొచ్చు, ఎందుకంటే పైనుంచి అడుగు దాకా ఒకే వేడి, ఒకే ఆక్సిజన్. ఆ తర్వాత కుదుటపడితే మళ్లీ జిగ్, మిన్నో బయటికొస్తాయి, ఈసారి లోతు 25 నుంచి 40 అడుగులు, మిన్నో కూడా పెద్దది. ఆడచేపల పొట్టలో వచ్చే వసంతానికి కావాల్సిన గుడ్లు అప్పటికే తయారవుతుంటాయి, తిండి అవసరం ఎక్కువ. పెద్ద చేప కావాలనుకునేవాళ్లు అక్టోబర్, నవంబర్ కోసం ఎదురుచూసేది అందుకే.

మళ్లీ పొసగని సలహా ఒకటి. అదే నవంబర్‌లో కొంతమంది అర్ధరాత్రి, ఎముకలు కొరికే చలిలో, ఆరేడు అడుగుల లోతున్న రాళ్ల మీద పొడవాటి క్రాంక్‌బెయిట్లు లాగుతూ తిరుగుతారు. వాళ్లకీ చేపలు పడతాయి, అదీ పెద్దవి. కారణం టులిబీ అనే చేప. అది నవంబర్ చలిలో లోతు తక్కువ రాళ్ల మీద గుడ్లు పెట్టడానికి వస్తుంది, దాని వెనక వాలై వస్తుంది. పగలు లోతులో ఉన్న చేప, రాత్రి ఒడ్డున ఉన్న చేప ఒకటే కావచ్చు. టులిబీ లేని సరస్సులో ఈ రాత్రి జాగారానికి అంత ఫలితం ఉండకపోవచ్చు.

మంచు కింద

మంచు నాలుగు అంగుళాలుంటే మనిషి నడవొచ్చని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది, అదీ తెల్లటిది కాదు, గట్టి తేట మంచు. వాహనాలకి ఇంకా చాలా మందం కావాలి. మంచు లేని నీళ్లలో మనిషికి ఒక గాలమే, మంచు మీద రెండు వేసుకోవచ్చు. ఆ రెండో గాలమే ఇక్కడ పద్ధతిని తయారుచేసింది. ఒక చేత్తో స్పూన్ అనే మెరిసే రేకు ఎరకి మిన్నో తల గుచ్చి ఆడిస్తూ చేపల్ని దగ్గరికి రప్పిస్తారు, పక్క రంధ్రంలో బతికున్న మిన్నో ఊరికే వేలాడుతూ ఉంటుంది. ఆడేదాన్ని చూసి వచ్చిన చేప చాలాసార్లు ఆడనిదాన్ని తింటుంది.

మంచు పడిన కొత్తలో అందరికీ దొరుకుతాయి. జనవరి ముదిరాక చేపలు లోతుకి వెళ్లి మందగిస్తాయి. ఒకవైపు మంచు మీద మందంగా హిమం పేరుకుంటే కింద వెలుతురు తగ్గి పగలు కూడా తినే అవకాశం పెరుగుతుంది, ఇంకోవైపు కింద మొక్కలకి వెలుతురు అందక లోతు లేని సరస్సుల్లో ఆక్సిజన్ పడిపోతుంది. రాష్ట్రం లోపలి సరస్సుల్లో వాలై సీజన్ ఫిబ్రవరి చివరి ఆదివారంతో ముగుస్తుంది. కెనడా సరిహద్దులోని లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో ఏప్రిల్ 14 దాకా నడుస్తుంది.

వదిలేసిన చేప బతుకుతుందా

పట్టి వదిలేస్తే ఏమీ కాదన్నది చాలామంది నమ్మకం. కాలాన్ని బట్టి ఇది కూడా మారుతుంది. చల్లటి నీళ్లలో, లోతు తక్కువ చోట పట్టి వదిలినవి చాలావరకు బతుకుతాయి. నీళ్లు 68 దాటాక చావులు పెరుగుతాయి. లోతుది ఇంకో బాధ. వాలై గాలితిత్తికీ నోటికీ దారి ఉండదు, ముప్పై అడుగుల నుంచి గబుక్కున లాగితే తిత్తి ఉబ్బి లోపలి అవయవాల్ని నొక్కేస్తుంది. అలాంటిది ఈదుకుంటూ వెళ్లినట్టు కనిపించినా తర్వాత చనిపోవచ్చు.

బతికున్న ఎర మీద వాదన ఇక్కడినుంచే వచ్చింది. జలగని, వానపాముని చేప లోపలిదాకా మింగేస్తుంది, కొక్కెం గొంతులో దిగుతుంది కాబట్టి వదిలేయాల్సిన చోట ప్లాస్టిక్ ఎరలే మేలని ఒక వర్గం. నెమ్మదిగా తినే చేపకి, కొత్తగా నేర్చుకునే మనిషికి, పిల్లలకి బతికున్న ఎరే దారి, అది ఆపితే చుట్టుపక్కల బెయిట్ షాపులు మూతపడతాయని ఇంకో వర్గం. మిల్ లాక్స్‌లో 2016లో వాలైకి కృత్రిమ ఎరలే వాడాలని, పట్టిన ప్రతి వాలైనీ వదిలేయాలని నియమం పెట్టారు. కొన్ని ఏళ్లు జులైలో కొంతకాలం వాలై వేటనే ఆపేశారు, కారణం వేడి నీళ్లలో చనిపోయే చేపలు. వదిలేశాక చనిపోతాయని అంచనా వేసినవి కూడా ఆ ఏడాది తీయొచ్చని పెట్టిన కోటాలోంచి తీసేస్తారు మరి.

మిల్ లాక్స్ గొడవలో ఎవరి వాదన ఏమిటి

కోటా మాట వచ్చింది కాబట్టి, మిల్ లాక్స్‌లో వాలైలు ఎందుకు తగ్గాయన్న గొడవ సంగతి కూడా. 1837లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో ఒజిబ్వే అనే ఆదివాసీ తెగలు భూమిని అప్పగిస్తూ వేట, చేపల హక్కు తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఆ హక్కు ఇంకా ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1999లో 5–4 మెజారిటీతో తేల్చింది. అప్పటినుంచి ఏడాదికి ఎన్ని పౌండ్ల వాలై తీయొచ్చో నిర్ణయించి రాష్ట్రం, తెగలు పంచుకుంటాయి. తెగల వేటలో ఎక్కువ భాగం వసంతంలో, వలలతో, బల్లేలతో జరుగుతుంది. గుడ్లు పెట్టే సమయంలో వలలు వేయడమే సరస్సుని పాడుచేసిందని గాలం వేటగాళ్లలో చాలామంది అంటారు. వలలో పడిన ప్రతిదీ తూకం వేసి కోటాలో రాస్తున్నాం, మా వంతు దాటట్లేదు అని తెగలు అంటాయి. రాష్ట్రం పెట్టిన స్లాట్ నియమాలే తప్పని మరో వాదన. స్లాట్ అంటే ఇన్ని అంగుళాల నుంచి ఇన్ని అంగుళాల మధ్య ఉన్నవాటినే ఉంచుకోవచ్చనే నియమం. సన్నటి స్లాట్ పెడితే వేట భారమంతా ఒకే వయసు చేపల మీద పడుతుందని వీళ్ల మాట.

జీవశాస్త్రవేత్తలు చూపించేది ఇంకో చోటు. గుడ్లు బాగానే పొదుగుతున్నాయి, పిల్లలు పుడుతున్నాయి, రెండో శరదృతువు దాకా బతికేవి మాత్రం బాగా తగ్గాయి. సరస్సులో నీళ్లు 1990ల మధ్య నుంచే తేటబడ్డాయి, 2005లో నీళ్లని వడకట్టుకుని తినే జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు కనిపించాయి, అవి పెరిగేకొద్దీ ఇంకా తేటబడ్డాయి. 2009లో స్పైనీ వాటర్ ఫ్లీ అనే పరాయి పురుగు వచ్చి చేపపిల్లలు తినే సూక్ష్మజీవుల్ని తినేస్తోంది. వేడి, వెలుతురు రెండూ సరిగ్గా కుదిరిన నీళ్ల పరిమాణాన్ని కొలిస్తే అది కూడా తగ్గింది. వలల వాదన ఒక్కటే ఈ పిల్లల చావుల్ని వివరించలేదని నాకనిపిస్తుంది, అయితే 2015 ఆగస్టులో కోటా అయిపోయి సీజన్ మధ్యలో వేట ఆగినప్పుడు చుట్టుపక్కల రిసార్టులవాళ్లు పడ్డ టెన్షన్ చూస్తే వాళ్ల కోపం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. సీజన్ పద్ధతుల మీద దీని ప్రభావం కూడా కనిపిస్తూనే ఉంది. కలక నీళ్ల రోజుల్లో పగలు నడిచిన పద్ధతులు తేటబడ్డాక సందె వేళకీ, లోతుకీ, రాత్రికీ జరిగాయి.

సోనార్ వచ్చాక

నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపల్ని తెర మీద చూపించే పరికరం సోనార్. 2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ అనే సోనార్ వచ్చింది. అంతకుముందు చాలా సోనార్లు పడవ కిందున్నది, అదీ దాటిపోయినదాన్ని చూపించేవి. ఇది ముందున్నదాన్ని, కదులుతుండగానే చూపిస్తుంది. చేప ఎర దగ్గరికి రావడం, వాసన చూసి వెనక్కి తిరగడం అన్నీ తెర మీదే. దీనివల్ల పెద్దగా ఎవరూ ముట్టని చేపలు, అంటే అడుగుకీ తిప్పకీ సంబంధం లేకుండా నడినీళ్లలో తేలుతూ తిరిగే పెద్ద వాలైలు అందుబాటులోకి వచ్చాయి. వాటికి దాక్కునే చోటు లేకుండా పోయిందని, పైగా లోతులోంచి లాగి వదిలేసినవి చనిపోతాయని ఒకవైపు ఆందోళన. ఎన్ని ఉంచుకోవాలన్న పరిమితి ఎలాగూ ఉంది, తెర కొన్నంత మాత్రాన చేప నోరు తెరవదు, పైగా చిన్నవాటిని వదిలేసి వేరేచోటికి వెళ్లే వీలుంటుందని ఇంకోవైపు వాదన.

సోనార్ ఉంటే సీజన్ లెక్కలు అక్కర్లేదనేవాళ్లు కూడా ఉన్నారు. చేప ఎక్కడుందో తెర చెబుతుంది, నిజమే. అయితే మిల్ లాక్స్ లాంటి సరస్సుని ఒక్క రోజులో జల్లెడ పట్టడం కుదరదు, ఎక్కడ మొదలుపెట్టాలో నీటి వేడీ, గాలీ, నీళ్ల రంగూ చూసే నిర్ణయించుకోవాలి. కనిపించిన చేపకి జిగ్ దించాలా, జలగ వేలాడదీయాలా, వేగంగా క్రాంక్‌బెయిట్ లాగాలా అన్నది తెర చెప్పదు. మేఫ్లైలు లేచే వారంలో తెర నిండా చేపలే కనిపిస్తాయి, అయినా ఆ పడవలు చాలావరకు ఖాళీగానే ఒడ్డుకొస్తాయి.